డెట్రాయిట్ పేరు విని 18 లక్షలు అదనంగా అప్పు చేయాలా?

ప్రశ్న: మా అమ్మాయికి అమెరికాలో ఎం.ఎస్.కు రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ యూనివర్సిటీ, రెండోది కాలిఫోర్నియాలో. రెండేళ్ల ఫీజులు, ఖర్చులు కలిపితే కాలిఫోర్నియాకు 18 లక్షలు ఎక్కువవుతుంది. అమ్మాయికి డెట్రాయిట్ కోర్సే నచ్చింది. చుట్టాలేమో ‘ఆ ఊరికి ఆడపిల్లను ఎలా పంపుతారు’ అంటున్నారు. ఆ 18 లక్షలకూ అప్పు చేసి రెండోచోటికే పంపమంటారా?

జవాబు: కన్నవాళ్ల భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఇంటి లెక్కల్లో దానికీ ఒక పద్దు ఉండాలి. అయితే ఆ పద్దు ఎంత ఉండాలన్నది మనం తేల్చాలి, చుట్టాలు కాదు.

డెట్రాయిట్‌కు చెడ్డపేరు ఊరికే రాలేదు. 1950లో 18 లక్షలకు పైగా ఉన్న జనాభా 2020 నాటికి 6.4 లక్షలకు పడిపోయింది. 2013లో నగరమే దివాలా పిటిషన్ వేసింది. అయితే 2024లో అక్కడ నమోదైన హత్యలు 203. 1965 తర్వాత అప్పటిదాకా ఇంత తక్కువ ఎన్నడూ లేదు. జనాభాతో పోలిస్తే ఇది ఇప్పటికీ ఎక్కువే కాబట్టి జాగ్రత్త తప్పదు. కాకపోతే మీ అమ్మాయి మసలేది ఊరంతా కాదు. యూనివర్సిటీ మిడ్‌టౌన్ అనే ప్రాంతంలో ఉంది, దానికి సొంత పోలీసు విభాగం ఉంది. క్యాంపస్ పక్కనే వుడ్‌వర్డ్ అవెన్యూ మీద నడిచే క్యూలైన్ ట్రామ్‌కు టికెట్ లేదు.

ఇప్పుడు లెక్క. 18 లక్షలను 10.5 శాతం వడ్డీకి పదేళ్ల గడువుతో తీసుకుంటే నెలకు దాదాపు 24,300 రూపాయల వాయిదా, మొత్తం 29 లక్షల పైచిలుకు. చదువుకునే కాలంలో పేరుకునే వడ్డీ ఇందులో లేదు. దీనికి బదులు డెట్రాయిట్‌లోనే క్షేమం కోసం విడిగా డబ్బు పెట్టండి. క్యాంపస్‌కు నడిచి వెళ్లగలిగే మంచి భవనం కోసం అద్దెలో నెలకు 150 డాలర్లు, రాత్రి ల్యాబ్ నుంచి క్యాబ్‌లో రావడానికి 60, గదిలోని సామానుకు బీమా కింద 20. రెండేళ్లకు 5,520 డాలర్లు. డాలరు 90 రూపాయలనుకుంటే ఐదు లక్షలకు కాస్త తక్కువ. ఈ ఐదు లక్షల్లో రూపాయి కూడా మిగుల్చుకోవాలని చూడవద్దు. చౌకగా వస్తుందని దూరంగా, చీకటి వీధిలో గది తీసుకుంటే మీ భయమే నిజం కావచ్చు.

కారు సంగతి మరీ ముఖ్యం. నా సలహా తీసుకునే ఒక కుటుంబంలోని అబ్బాయి అక్కడ 4,000 డాలర్లకు పాత కారు మాట్లాడుకున్నాడు. బయానా ఇచ్చాక బీమాకు ఎంతవుతుందో అడిగాడు. ఏడాది ప్రీమియం దాదాపు కారు ధర అంత చెప్పారు. వాళ్ల నాన్న రాత్రి పదకొండుకు నాకు ఫోను చేశారు. బయానా వదులుకోమన్నాను. డెట్రాయిట్ ఉన్న మిషిగన్ రాష్ట్రంలో ప్రమాదం ఎవరి తప్పయినా ఎవరి వైద్య ఖర్చు వారి బీమాయే భరించాలి. 2020 జులై దాకా ఆ భరోసాకు పరిమితి లేకుండా తీసుకోవడం తప్పనిసరి. చట్టం మారాక కొంత వెసులుబాటు వచ్చినా, డెట్రాయిట్ చిరునామాతో ప్రీమియం ఇప్పటికీ దేశంలోనే చాలా ఎక్కువ. అందుకే చదువు పూర్తయ్యేదాకా కారు వద్దు. నడిచి వెళ్లే దూరంలో గది తీసుకోమనడానికి ఇదీ ఒక కారణం.

అద్దె ఒప్పందంలో హీటింగ్ ఖర్చు ఎవరిదో రాసి ఉండాలి. పాత ఇళ్లలో జనవరి గ్యాస్ బిల్లు చూసి పిల్లలు బెంబేలెత్తుతారు. మిషిగన్ చట్టం ప్రకారం అడ్వాన్సు నెలన్నర అద్దెకు మించకూడదు. అంతకన్నా ఎక్కువ అడిగే ఇంటి యజమానికి నమస్కారం పెట్టి వచ్చేయమనండి.

నగరం హద్దుల్లో ఉండేవారి సంపాదనపై 2.4 శాతం నగర ఆదాయ పన్ను కూడా ఉంది. క్యాంపస్‌లో చేసే చిన్న ఉద్యోగానికి ఇది పెద్ద భారం కాదు. చదువయ్యాక ఉద్యోగం వస్తే, నగరం హద్దుల బయట తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్ వైపు మారే ముందు దీన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

కాలిఫోర్నియాలో ఏ ఊరో మీరు రాయలేదు. అక్కడ కూడా క్షేమం వీధివీధికీ మారుతుంది. ఆ కోర్సే మెరుగైనదైతే, ఉద్యోగాలు ఎక్కువ వస్తాయనుకుంటే 18 లక్షల గురించి మళ్లీ మాట్లాడుకోవచ్చు. మీ ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు. అమ్మాయికి నచ్చిన కోర్సు డెట్రాయిట్‌లో ఉంది, అక్కడికే పంపండి. ఆ చదువుకు కావాల్సిన అప్పు అమ్మాయి పేరున తీసుకుని, చదువుకునే రెండేళ్లూ వడ్డీ మీరు కట్టండి. పాత పన్ను విధానంలో ఉంటే విద్యా రుణం మీద కట్టే ఆ వడ్డీ మొత్తానికీ ఆదాయ పన్నులో మినహాయింపు వస్తుంది, అయితే ఎనిమిదేళ్ల వరకే. అప్పు తీసుకున్నది అమ్మాయే అయినా, మీరు సహ రుణగ్రహీతగా ఉండి కడితే మీకు ఆ మినహాయింపు ఎలా వర్తిస్తుందో సంతకాలకు ముందే మీ ఆడిటర్‌ను అడగండి.