బొగతకు పోతున్న మేనకోడలికి

చిన్నీ,

శనివారం ఆఫీసు స్నేహితులతో బొగత జలపాతానికి పోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. కారు నువ్వే నడుపుతావట. "మన పిల్ల ఏటూరునాగారం అడవిలో కారు నడుపుతుందట" అని మీ అత్తకు మూడుసార్లు చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

దారి సులువే. వరంగల్, ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం, ముల్లకట్ట దగ్గర గోదావరి వంతెన, వాజేడు. పెట్రోలు ములుగులోనే కొట్టించు. దోమల క్రీము పెట్టుకో, అది ఏజెన్సీ. చెప్పులు కాదు, బూట్లు.

పొద్దున పోయి అదే రాత్రి హైదరాబాద్ వచ్చేస్తామన్నారట చూడు, అదే నాకు నచ్చలేదు.

నేను వెంకటాపురం వైపు పంతులుగా చేసినప్పుడు ఆ వంతెన లేదు, గోదావరి పడవలో దాటేవాళ్లం. ఇంటర్ చదివే మీ అమ్మ దసరా సెలవులకు నా దగ్గరికి వచ్చింది. అడవిలో ధార చూపిస్తానని తీసుకెళ్లాను. పోయేటప్పుడు వాగు మోకాలి లోతు, గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు. అవతలి గట్టున పులిహోర తింటుంటే నీళ్లలో ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం మొదలైంది. చూశాను. ఇక్కడ చినుకైనా లేదు కదా అనుకున్నాను. పైన గుట్టల్లో పడితే చాలు బిడ్డా, మన నెత్తిన పడక్కర్లేదు. తిరిగొచ్చేసరికి నీళ్లు ఎర్రబడ్డాయి. నేను గుర్తుపెట్టుకున్న నల్లబండ కనబడలేదు.

ఆగాల్సింది. కానీ తెల్లారి మీ అమ్మ పడవెక్కాలి, మీ తాతయ్యకు మాటిచ్చాను. మణికట్టు పట్టుకుని దిగాను. నడుములోతులో ఆమె కాలు జారింది. అంత హోరులోనూ నా పిడికిట్లో ఆమె గాజులు చిట్లిన చప్పుడు వినబడింది. "మామయ్యా, అరచేతిలో ఆ గీతేంటి?" అని చిన్నప్పుడు అడిగేదానివి కదా. బ్లేడు తెగిందని అబద్ధం చెప్పాను.

పశువులు తోలుకొస్తున్న కోయ పెద్దాయన వెదురుకర్ర అందించి ఇద్దరినీ లాగాడు. తిట్టలేదు. "రెండు గంటలు కూర్చుంటే అదే తీసేది కదా సారూ" అన్నాడు, అంతే.

బొగత దగ్గర ఇప్పుడు మెట్లు, రెయిలింగు, అటవీ శాఖ మనుషులు ఉన్నారు. వాళ్లు గేటు మూస్తే బతిమాలకుండా వెనక్కి రండి. నా భయం వేరే. మీలో ఎవడో వీడియో చూసి "పక్కనే ముత్యాలధార జలపాతం ఉందట, ఓ గంటలో వచ్చేద్దాం" అంటాడు. 2023 జూలైలో అలా వీరభద్రవరం అడవిలోకి వెళ్లిన దాదాపు 80 మంది, వాగు పొంగి చీకట్లో చిక్కుకుపోయారు. ఎన్‌డీఆర్‌ఎఫ్ వాళ్లు వెళ్లి బయటికి తేవాల్సొచ్చింది. అక్కడ సిగ్నల్ కూడా సరిగా ఉండదు. అలా అన్నవాడికి కారు తాళం ఇవ్వకు.

తాడ్వాయిలోనో లక్నవరంలోనో రాత్రికి ఆగి, ఆదివారం రామప్ప చూసుకుని నిదానంగా రండి. గది డబ్బులు నేను పంపుతాను, నాకిప్పుడు ఫోన్‌పే వచ్చు.

గాజుల సంగతి మీ అమ్మ దగ్గర ఎత్తకు. తాతయ్యకు చివరిదాకా తెలియదు.

మీ మామయ్య