ఆ కణితి ఎక్కడుంది?

చిరంజీవికి ఆశీస్సులు.

చిట్టెలుకల మీద బంగారు నానోకణాలతో (కంటికి ఆననంత చిన్న రేణువులతో) చేసిన ప్రయోగం గురించి నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ‘ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కాంతితో చెక్’ అన్న శీర్షికను ముందుగా కొట్టేశాను. నా తొలి రోజుల్లో నేనూ ఇలాంటి శీర్షికే పెట్టాను. అది అచ్చయిన వారానికి ఒక పెద్దాయన తన భార్య ఎక్స్‌రేలు సంచిలో పెట్టుకుని, ఆ వైద్యం ఏ ఆసుపత్రిలో చేస్తారని అడుగుతూ మా ఇంటికి వచ్చాడు.

బంగారు నానోకణాలు సమీప పరారుణ కాంతిని (ఎరుపుకు అవతల ఉండే, కంటికి కనబడని కాంతిని) పీల్చుకుని, వేడెక్కి, క్యాన్సర్ కణాలను చంపే తీరును చక్కగా వివరించావు. (బంగారం అన్నాక స్వర్ణభస్మం సంగతి అడిగేవారుంటారు, రెండూ ఒకటి కాదని ఒక ముక్క చేర్చు.) అయితే కణితి ఎక్కడుందో మాత్రం ఎక్కడా చెప్పలేదు. ఇలాంటి ప్రయోగాల్లో చాలావాటిలో, మనిషి ఊపిరితిత్తి కణితి నుంచి 1972లో వృద్ధిచేసిన ఏ549 వంటి కణాలను చిట్టెలుక ఊపిరితిత్తిలోకి కాక, డొక్క దగ్గర చర్మం కిందికి ఎక్కిస్తారు. అక్కడైతే కణితిని పైనుంచే కాలిపర్ అనే కొలపరికరంతో కొలవవచ్చు, లేజర్‌ను తిన్నగా దానిమీదే పడేలా పెట్టవచ్చు. మనిషిలోనో, అది పక్కటెముకల వెనుక, ఊపిరితోపాటు కదిలే అవయవంలో ఉంటుంది. రక్తమూ నీరూ తక్కువగా పీల్చుకుంటాయని ఎంచుకున్న ఆ కాంతి కూడా కొద్ది సెంటీమీటర్లు దాటేసరికి నీరసించిపోతుంది. చిట్టెలుక ఒళ్లంతా కలిపినా అంతే మందం. అందుకే, నానోకణం కాకపోయినా కాంతితోనే పనిచేసే ఫోటోఫ్రిన్ అనే మందును 1998లో అమెరికాలో శ్వాసనాళాల క్యాన్సర్‌కు అనుమతించినప్పుడు, 630 నానోమీటర్ల ఎర్రని కాంతిని శ్వాసనాళాల్లోకి దింపే బ్రాంకోస్కోప్ అనే గొట్టం గుండా సన్నని ఫైబర్‌తో కణితి దాకా తీసుకుపోవలసి వచ్చింది. ఆ మందు తీసుకున్నవారు కనీసం 30 రోజులు ఎండ కన్నెరగకుండా ఉండాలి. ఈ వివరాలు నీ రెండో పేరాలోనే రావాలి.

నానోకణాలు ‘కణితిని వెతుక్కుంటూ పోతాయి’ అని రాశావు. అవి వెతుక్కోవు, రక్తంతోపాటు తిరుగుతాయి, కాలేయమూ ప్లీహమూ చాలావాటిని పట్టేస్తాయి. అంతకుముందు పదేళ్లలో వచ్చిన అధ్యయనాలను టొరంటో పరిశోధకులు 2016లో కలిపి చూసినప్పుడు, ఇచ్చిన మోతాదులో కణితికి చేరినది మధ్యస్థంగా 0.7 శాతమే.

ఇంకొకటి. ఉప్పునీరు మాత్రమే ఇచ్చినవి, నానోకణాలు మాత్రమే ఇచ్చినవి, లేజర్ మాత్రమే పడినవి, రెండూ అందినవి అని చిట్టెలుకలను గుంపులుగా విడదీస్తారు. లేజర్ ఒక్కటే పడిన గుంపులోనూ కణితి తగ్గి ఉంటే, ఆ ఘనత నానోకణాలకు ఎంత దక్కుతుందో నువ్వే తేల్చుకోవాలి. గ్రాఫ్‌లో ఆ గుంపు గీతను నువ్వు చూసినట్టు నాకు తోచలేదు.

తిరగరాసిన ప్రతితోపాటు, మూల పరిశోధన పత్రంలో పద్ధతుల విభాగం ఉన్న పేజీలను కూడా పంపు.