ఆమెకు వరి ఎవరూ నేర్పలేదు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. ఓడ ప్రయాణపు ఘట్టం బాగుంది. కానీ ఏడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆ రోజు ఇక ముందుకు చదవలేకపోయాను. "అడవి తప్ప మరేమీ ఎరుగని ఆ బానిసలకు దొర వరిసాగు నేర్పించాడు" అని రాశావు. నీ కథ జరిగేది అమెరికాలో, 18వ శతాబ్దపు దక్షిణ కరోలినాలో. నీ దొర ఇంగ్లండు నుంచి వచ్చాడని నువ్వే చెప్పావు. వరి పండని దేశంలో పుట్టినవాడు, తరతరాలుగా వరి పండించిన పశ్చిమ ఆఫ్రికా తీరం నుంచి బంధించి తెచ్చిన స్త్రీకి నాట్లు నేర్పించాడా?

నైజర్ నది మాలి దేశంలో పాయలుగా చీలి పరుచుకునే లోతట్టు డెల్టాలో అక్కడి రైతులు తమదైన వరిని, మన వరికి భిన్నమైన జాతిని, సుమారు 3000 ఏళ్ల కిందటే సాగులోకి తెచ్చుకున్నారు. గినియా తీరంలో 'బాగా' అనే తెగవారు, సెనెగల్ దక్షిణ ప్రాంతంలో 'జోలా' అనే తెగవారు మడ అడవులను నరికి, గట్లు పోసి, సముద్రపు పోటును బయటే నిలిపి, వాననీటితో నేలలోని ఉప్పును కడిగి, ఆ తరువాతే అందులో వరి నాటేవారు. జోలా రైతు చేతిలో కయెండో అనే పొడవాటి కర్రపార ఉంటుంది. బరువైన బురదను తిరగవేయడానికి దానిని మించిన పనిముట్టు ఆ నేలకు లేదు. నేను దివిసీమవాడిని. ఉప్పునీటికీ మడికీ మధ్య ఉన్న గట్టు తెగితే ఇంటిల్లిపాదీ ఏమవుతారో చూసినవాడిని. కనుక ఆ గట్టు పోసిన మనిషిని "ఏమీ ఎరుగని" అనడం నాకు సహించరానిది.

ఈ సంగతి బానిసల వర్తకులకు బాగా తెలుసు. కరోలినాలోని చార్ల్స్‌టన్ రేవులో అమ్మకానికి పెట్టినవారు వరి తీరం నుంచి వచ్చారని, వరిసాగు తెలిసినవారని పత్రికలలో ప్రకటనలు వేయించి మరీ గిరాకీ పెంచుకున్నారు. మనిషిని కొన్నవాడు ఆ మనిషి చేతిలోని విద్యను కూడా కొంటున్నానని ఎరిగే కొన్నాడు. తరువాత రాసుకున్న చరిత్రలో మాత్రం ఆ విద్యను తన పేరున జమ చేసుకున్నాడు. నువ్వు ఆ లెక్కనే నమ్మావు. ఆ విద్య వాటా ఎంత అన్న విషయంలో చరిత్రకారుల మధ్య వాదం ఉన్నది. కరోలినాలో పండినదానిలో అధికభాగం ఆసియా జాతి వరి అన్నదీ నిజమే. ఆ వాదాన్ని కూడా చదువు. అయితే మడమతో గుంట చేసి, విత్తు వేసి, పాదంతో మన్ను కప్పే పద్ధతి, గడ్డి చుట్టలు కుట్టి అల్లిన వెడల్పాటి చేటలు, రోకటి పోటు, ఇవేవీ ఇంగ్లండు ఓడ దిగి రాలేదు. ఆ చేటల అల్లిక, ఆ బానిసల సంతతి అయిన గల్లా ప్రజల చేతుల్లో నేటికీ బతికే ఉంది.

రోకటి పోటు గురించి నీ కథలో ఒక్క మాటా లేదు. ఐరోపా సంతలో ధర పలికేది ముక్క కాని బియ్యానికే. యంత్రపు మిల్లులు రాకముందు ఆ బియ్యమంతా మనుషులు దంచినదే. పొట్టు ఊడాలి, గింజ విరగకూడదు. బలంతో దంచితే నూకలే మిగులుతాయి. మా నాయనమ్మ దంపుడు చూసినవాడిని కనుక అది ఎంత నేర్పో నాకు తెలుసు. పొలంలో పగలంతా వంగిన నడుముతో, తెల్లవారకముందూ పొద్దుగూకాకా అదే పనికి నిలబడిన ఆ మనుషుల అలసటను రాయాలంటే ముందు వారి నేర్పును రాయాలి.

నా తొలి నవలలో ఒక కౌలురైతు భార్య రాత్రంతా నడుములోతు నీటిలో నిలబడి గండి పూడుస్తుంది. దానిని ధారావాహికగా వేసిన వారపత్రిక సంపాదకుడు ఆ పదకొండు పేజీలు కొట్టివేసి, భూస్వామి ఆమెను కొట్టిన ఘట్టం మాత్రం ఉంచాడు. "పాఠకులకు కన్నీళ్లు కావాలి, తూములు కాదు" అన్నాడు. ఆ పదకొండు పేజీలతో సహా పుస్తకం వేసుకోవడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది, అప్పు తీరడానికి మరో నాలుగేళ్లు. ఆ సంపాదకుని వారసులు నేటికీ ఉన్నారు. కొరడా దెబ్బలుంటే కథకు బహుమతి ఇస్తారు. దెబ్బలు తిన్న మనిషికి ఏమి తెలుసో అడగరు. నీ కథలో కొరడా పదకొండుసార్లు వచ్చింది, లెక్కపెట్టాను. వరి వచ్చింది రెండుసార్లు.

దక్షిణ అమెరికాలోని సురినామ్‌లో బానిసలుగా ఉన్న తోటల నుంచి పారిపోయి అడవిలో ఊళ్లు కట్టుకున్న మరూన్ల సంతతి, తమ ముత్తవ్వలు వడ్లను జడలలో దాచి తెచ్చారని నేటికీ చెప్పుకుంటారు. అక్కడి పొలాలలో ఆఫ్రికా వరి ఇప్పటికీ పండుతున్నది.

ఇక ఆ ఏడో పేజీ. కరోలినాలో తూమును ట్రంక్ అంటారు. మొదట్లో బోలు చేసిన చెట్టు మొద్దునే తూముగా పెట్టినందువల్ల వచ్చిన పేరది, తలుపుల చెక్కతూములు వచ్చాక కూడా మారలేదు. పోటు వచ్చినప్పుడు నదిలో మంచినీరు పైకి లేస్తుంది; దానిని మడిలోకి వదిలి, ఉప్పు అందుకోకముందే తూము మూయాలి. నీ కథానాయికను ఆ గట్టు మీద నిలబెట్టు. దొరను పక్కన ఉండనీ. నీటిని నాలుకకు తాకించి, ఇక మూయమని చెప్పేది ఆమే కావాలి. ఆ పేజీ తిరగరాసి పంపు.