నోటు వెనక్కి తిప్పి చూడండి

ప్రశ్న (కుదించినది): సింగరేణిలో పనిచేసి భూపాలపల్లిలో రిటైరయ్యాను. మా ఊరు పరకాల దగ్గర. గ్రాట్యుటీ పైసల్లోంచి 6 లక్షలు మా చిన్నాయిన కొడుక్కు 2022 అక్టోబర్ 14న నూటికి రెండు రూపాయల మిత్తికి ఇచ్చాను. ప్రాంసరీ నోటు రాసిచ్చాడు. ఇద్దరు సాక్షులు, అందులో ఒకాయన పోయిండు. 2023 ఉగాది నాడు 40 వేలు తెచ్చిచ్చాడు, నోటు వెనక రాసుకున్నాం. 2024లో మూడుసార్లు పదేసి వేలు ఫోన్‌పే చేశాడు. తర్వాత రూపాయి లేదు. నాకు గుండెకు స్టెంటు పడ్డది, బిడ్డ పెండ్లి ముందర ఉన్నది. చిన్నప్పుడు ఒక్క కంచంల తిన్నోళ్లం, ఇప్పుడు ఎదురైతే మొహం తిప్పుకుంటున్నాడు. 2025 జూలైలో వాట్సాప్‌లో ‘అన్నా, నీ ఆరు లక్షలు దీపావళికి ఇస్త, జర ఆగు’ అని పెట్టాడు. ఆగస్టులో వకీలు నోటీసు పంపితే తీసుకున్నాడు, జవాబు లేదు. ఇప్పుడు రెండెకరాల పది గుంటలు అమ్మకానికి పెట్టాడట. వాడు సంతకం చేసిన ఖాళీ చెక్కు ఒకటి నా దగ్గరుంది. మూడేండ్లు దాటింది, నోటు చెల్లదని ఒకరు, నోటీసు ఇచ్చినవ్ కాబట్టి ఫికర్ లేదని ఇంకొకరు అంటున్నారు. వెనక ఇంకో చెల్లు (కొంత కట్టినట్టు రాత) మనమే రాసుకుందామని మా బామ్మర్ది అంటున్నాడు. ఏం చెయ్యాలి?

జవాబు: ‘నోటు వెనక రాసుకున్నాం’ అన్నారు. రాసింది ఎవరు? కింద సంతకం ఎవరిది? మీ 6 లక్షలు వస్తాయా, మునుగుతాయా అన్నది ఈ రెండు ప్రశ్నల మీదే ఉంది. ఉత్తరంలో కంచం సంగతి రాశారు, పెండ్లి సంగతి రాశారు, ఇది మాత్రం రాయలేదు. బీరువా తీసి నోటు వెనక్కి తిప్పి చూడండి. మిగతాదంతా ఆ తర్వాతే.

ఎందుకంటే, ‘కోరినప్పుడు చెల్లిస్తాను’ అని రాసిచ్చే నోటుకు 1963 కాలపరిమితి చట్టం, 35వ అధికరణం కింద మూడేండ్లే గడువు. ఆ మూడేండ్లు మీరు అడిగిన రోజు నుంచి కాదు, నోటు మీది తేదీ నుంచి నడుస్తాయి. ‘నేను ఇంకా గట్టిగ అడగనే లేదు కద’ అనుకుంటూ చాలామంది ఇక్కడే మునుగుతారు. రాసిన రోజును వదిలేసి లెక్కేస్తే మీ నోటుకు ఆఖరి రోజు 2025 అక్టోబర్ 14. అది పోయింది. ఈ జవాబు రాస్తున్నది 2026 జనవరిలో.

ఇక మిగిలింది ఉగాది నాటి చెల్లు. గడువు లోపల అసలు కిందనో మిత్తి కిందనో కొంత కడితే, కట్టిన రోజు నుంచి మళ్లీ మూడేండ్లు కొత్తగా మొదలవుతాయని అదే చట్టం 19వ సెక్షన్ చెబుతుంది. కానీ దానికో షరతు ఉంది. కట్టినట్టు ఒప్పుకునే రాత కట్టినవాడి చేతిరాతలో ఉండాలి, లేదా దాని కింద కట్టినవాడి సంతకం ఉండాలి. ‘తేది 22-3-2023 నాడు ఈ నోటు మిత్తి కింద రూ.40,000 అక్షరాల నలభై వేలు చెల్లించినాను’ అని మీరే రాసినా, కింద సంతకం మీ తమ్ముడిదైతే చాలు. రాత ఆయనదై సంతకం లేకపోయినా చట్టం ఒప్పుకుంటుంది గానీ, ఆ చేతిరాత ఆయనదేనని రుజువు చేసే బరువు మీ నెత్తిన పడుతుంది. మీరే రాసుకుని, సంతకం ఎవరిదీ లేకుండా వదిలేశారా? అయితే అది మీరు డైరీలో రాసుకున్న లెక్కతో సమానం. గడువును ఒక్క రోజు కూడా జరపదు.

సంతకం ఉంటే 2026 మార్చి 22 వరకు మీకు టైముంది. ఆ రోజు ఆదివారం. కోర్టుకు సెలవైతే తెరిచిన రోజున వేయవచ్చని 4వ సెక్షన్ ఉంది గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. దావా కాగితాల్లో ఏ చిన్న లోపమున్నా కోర్టు ఆఫీసు వాపసు ఇస్తుంది, మళ్లీ సరిచేసి పెట్టాలి. ఫిబ్రవరి దాటనివ్వకండి.

ఇక ఆ నోటీసు. అది పంపిన ఆగస్టులో మీ చేతిలో ఇంకా రెండు నెలలు ఉన్నాయి. నోటీసు గడువును ఆపదు, పెంచదు. గడియారం ఆగేది కోర్టులో దావా దాఖలైనప్పుడే. ‘15 రోజుల్లో చెల్లించని యెడల’ అని రాయించి, ఆ 15 రోజులు పోయాక ఇంకో ఐదు నెలలు ఎందుకు కూర్చున్నారు? ఒకవేళ ఆయన ‘బాకీ నిజమే, కొంచెం టైమివ్వు’ అని సంతకంతో జవాబు రాసి ఉంటే 18వ సెక్షన్ కింద అది మీకు పనికొచ్చేది. ఆయన రాయలేదు. జవాబు రాయకపోవడం బాకీ ఒప్పుకున్నట్టు కాదు.

స్టెంటు పడ్డది కాబట్టి కోర్టు ఆలస్యాన్ని మన్నిస్తుందని ఎవరైనా చెబితే వినకండి. ఆలస్యం మన్నించే 5వ సెక్షన్ అప్పీళ్లకు, దరఖాస్తులకే వర్తిస్తుంది, అసలు దావాకు వర్తించదు. గడువు దాటిన దావాను, ఎదుటివాడు ఆ మాట ఎత్తకపోయినా కొట్టేయాలని 3వ సెక్షనే జడ్జికి చెబుతుంది. ఇక్కడ జాలికి చోటు లేదు.

ఫోన్‌పేలో వచ్చిన 30 వేల సంగతి. పైసలు వచ్చినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్ చూపిస్తుంది గానీ, అది ఈ నోటు కిందేనని ఆయన రాసిన మాట ఎక్కడుంది? 19వ సెక్షన్ అడిగే రాతా సంతకమూ అందులో లేవు. పంపేటప్పుడు కింద ‘మిత్తి’ అని ఏమైనా టైపు చేశాడేమో ఒక్కొక్కటి తెరిచి చూడండి, ఉంటే కొంత బలం. బ్యాంకు నుంచి ధ్రువీకరించిన స్టేట్‌మెంట్ తీసుకోండి. అప్పే లేదని ఆయన అడ్డం తిరిగితే అది అక్కరకొస్తుంది, గడువు కోసం మాత్రం దాని మీద ఆనుకోవద్దు.

వాట్సాప్ మెసేజ్ అంతకంటే విలువైనది. జూలై 2025 అంటే గడువు లోపలే. ‘నీ ఆరు లక్షలు’ అని మొత్తం కూడా చెప్పాడు. దీన్ని 18వ సెక్షన్ కింద ఒప్పుకోలుగా వాదించవచ్చు. చిక్కల్లా సంతకం దగ్గర. చట్టం సంతకం చేసిన రాత అంటుంది, ఫోన్ మెసేజ్ ఆ లెక్కలోకి వస్తుందా అన్నది జడ్జి ముందు తేలాల్సిన వాదన. నిలవొచ్చు, పడిపోవచ్చు. నిలబడితే గడువు 2028 జూలై దాకా పోతుంది. అందుకే దీన్ని రెండో ఆధారంగా దావాలో రాయించాలి, మొదటి ఆధారంగా కాదు. ఆ ఫోను మార్చకండి, చాట్ చెరపకండి, ఆయన నంబర్ బ్లాక్ చేయకండి. స్క్రీన్‌షాట్ ప్రింటు ఒక్కటే తెస్తే చాలదు. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు నింపి సంతకం చేస్తారు. మెసేజ్ వచ్చింది ఆయన వాడే నంబర్ నుంచేనని చూపడానికి పాత మెసేజ్‌లు, పెండ్లి పత్రిక మీద ఆయన నంబర్ లాంటివి కూడా పనికొస్తాయి.

బామ్మర్ది సలహా గురించి ఒక్కసారే చెబుతాను. వద్దు. ఇంకో చెల్లు రాసి ఆయన సంతకం మీరు గీకడం గానీ, 2022ను 2023గా దిద్దడం గానీ చేశారో, ఇప్పుడు సగమైనా నిలబడి ఉన్న కేసు పూర్తిగా కూలిపోతుంది. తేదీ దిద్దిన నోటు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 87వ సెక్షన్ ప్రకారం చెల్లని కాగితమవుతుంది. నోటు కేసుల్లో ప్రతివాది వకీలు వేసే మొదటి దరఖాస్తే సంతకాన్ని నిపుణుడికి పంపమని. అక్కడ దొంగ సంతకం బయటపడితే, పక్కనే ఉన్న 2023 నాటి అసలు సంతకాన్ని కూడా ఎవరూ నమ్మరు. పైగా విలువైన పత్రాన్ని ఫోర్జరీ చేసినందుకు భారతీయ న్యాయ సంహిత 338వ సెక్షన్ కింద పదేండ్ల దాకా జైలు, లేదా యావజ్జీవ శిక్షే పడొచ్చు. 6 లక్షలు రావాల్సినవాడు ముద్దాయి బోనెక్కడం అన్నమాట. బామ్మర్ది మాత్రం అప్పుడు సాక్షిగా కూడా రాడు.

ఖాళీ చెక్కును ఇవ్వాళ్లే నింపి బ్యాంకులో వేద్దామన్న ఆశ కూడా ఉంటుంది. సంతకం చేసిచ్చిన ఖాళీ చెక్కు నింపడం దానంతటదే నేరం కాదు. కానీ చెక్కు బౌన్సు కేసు (నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్) నిలబడాలంటే ఆ రోజుకు బాకీ చట్టప్రకారం వసూలు చేయదగ్గదై ఉండాలి. మళ్లీ అదే ప్రశ్న, నోటు వెనక సంతకం ఎవరిది? సంతకం ఉంటే మార్చి 22 లోపల వేయవచ్చు. అందులో రాసే మొత్తం నిజంగా రావాల్సినదాని కంటే ఎక్కువ ఉండొద్దు, ముట్టిన 70 వేలు లెక్కలో చూపాలి. చెక్కు వాపసు వచ్చిన సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు, అందాక 15 రోజులు ఆగడం, ఆ పైన నెలలోపు ఫిర్యాదు. ఒక్క మెట్టు తప్పినా కేసుకే ముప్పు. ఇంకో సంగతి, చెక్కు కేసు నడుస్తున్నంత మాత్రాన నోటు దావాకు గడువు ఆగదు. రెండూ విడివిడిగా వేయాలి.

ఠాణాకు పోయి చీటింగ్ కేసు పెట్టిస్తే భయపడి కడతాడని కూడా అంటారు. తీసుకున్న రోజే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపలేకపోతే అది చీటింగ్ కాదు. నాలుగుసార్లు పైసలు కట్టినవాడి మీద ఆ మాట నిలవదు.

సంతకం ఉందనుకుని దావాకు సిద్ధం కావాల్సిన తీరు చెబుతాను. ముందు నోటు ముందు వైపు చూడండి. రెవెన్యూ స్టాంపు ఉందా, సంతకం స్టాంపు మీదుగా పోయి కాగితం మీదికి వచ్చిందా? స్టాంపు లేని ప్రాంసరీ నోటును జరిమానా కట్టి కూడా సాక్ష్యంలోకి ఎక్కించలేరు. చాలా పత్రాలకు ఉన్న ఆ వెసులుబాటు దీనికి లేదు. స్టాంపును సంతకంతో కొట్టేయకపోతే స్టాంపు లేనట్టే లెక్క. నోటును లామినేషన్ చేయించకండి, చాలామంది భద్రమని చేయించి నిపుణుడి పరీక్షకు పనికిరాకుండా చేస్తారు. పిన్ను కొట్టకండి, రంధ్రాలు పెట్టకండి. రెండు వైపులా రంగు కాపీలు తీసి పెట్టుకోండి.

సాక్షి ఒకాయన పోయినా భయం లేదు, నోటుకు చట్టం సాక్షులనే అడగదు. ఉన్న సాక్షి, నోటు రాసిపెట్టిన లేఖరి ఇద్దరూ చాలు. సంతకం తనదేనని మీ తమ్ముడు ఒప్పుకుంటే పైసలు ముట్టినట్టే అనే భావన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షన్ కింద మీ వైపు ఉంటుంది. అయినా ‘ఇంత నగదు నీకెక్కడిది?’ అని అడుగుతారు. గ్రాట్యుటీ జమ అయిన పాస్‌బుక్, 2022 అక్టోబర్‌లో డ్రా చేసిన పేజీ తీసి పెట్టండి. 2 లక్షలు, ఆపైన నగదు ఇచ్చానని దావా వేస్తే కోర్టు ఆదాయపు పన్ను శాఖకు తెలపాలని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో చెప్పింది కూడా. లెక్క ఉన్నవాడికి దీంతో ఇబ్బంది లేదు.

ఇంకెవరికైనా ఇలాగే నోట్ల మీద మిత్తికి ఇచ్చారా? నిజం మీ వకీలుకు చెప్పండి. లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేస్తున్నాడని వాదించడం మన తెలంగాణ ప్రాంతంలో పాత పద్ధతి, నిజాం కాలపు 1349 ఫస్లీ నాటి మనీలెండర్స్ చట్టం ఇంకా ఉంది. చుట్టానికి ఒకసారి ఇచ్చిన అప్పు వ్యాపారం కాదు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. కోర్టు అంతా ఇస్తుందని లెక్కేసుకోకండి, దావా వేశాక మిత్తి బాగా తగ్గిస్తారు. ముట్టిన 70 వేలు ఆరు నెలల మిత్తికి కూడా సరిపోలేదు, కాబట్టి అసలు 6 లక్షలు అలాగే ఉంది.

భూమి అమ్మకం ఆపాలంటే దావాతో పాటే తీర్పుకు ముందు జప్తు కోరుతూ సివిల్ ప్రొసీజర్ కోడ్ 38వ ఆర్డర్, 5వ రూల్ కింద దరఖాస్తు వేయించండి. ‘అమ్ముతున్నాడట’ అంటే కోర్టు వినదు. అప్పు ఎగ్గొట్టడానికే అమ్ముతున్నాడని చూపాలి. ఎవరు కొంటున్నారు, బయానా ఎంత, మధ్యవర్తి ఎవరు, విన్నవాడి అఫిడవిట్ కావాలి. సర్వే నంబర్, విస్తీర్ణం, నాలుగు హద్దులు, భూ భారతిలో తీసిన వివరాలు జత చేయాలి. ఇల్లు జప్తు చేయిద్దామనుకోకండి, వ్యవసాయదారుడు ఉండే ఇల్లు జప్తు కాకుండా అదే కోడ్ 60వ సెక్షన్ కాపాడుతుంది. పొలానికి ఆ రక్షణ లేదు.

వెనక సంతకం లేదనుకుందాం. అప్పుడు వాట్సాప్ ఒప్పుకోలు మీద ఆనుకుని దావా వేయడం ఒక దారి. దాని వల్లే గడువు మిగిలి ఉందని దావాలోనే రాయాలి, తర్వాత చేర్చుకుందామంటే కష్టం. అంతకంటే మంచిది, ఆయనతోనే కొత్త కాగితం రాయించుకోవడం. ఊళ్లో పెద్దమనుషులను కూర్చోబెట్టండి, ఆయన తండ్రి మాట వింటాడంటే చిన్నాయినను పిలవండి, పరకాలలోనో హనుమకొండ కోర్టులోనో జరిగే లోక్ అదాలత్‌కు పోయినా మంచిదే. అక్కడ రాజీ కుదిరితే దానికి కోర్టు డిక్రీ (తీర్పు) విలువ ఉంటుంది. అయితే వాయిదాల మీద వాయిదాలు పెడుతుంటే గడువు ఆగదని మరిచిపోకండి. పెద్దమనుషుల కాగితంలో ‘6 లక్షలు బాకీ ఉన్నాను’ అని రాయించుకుని లేస్తే దండగ. గడువు లోపల ఆ మాట సరిపోతుంది, దాటాక సరిపోదు. కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్, 3వ క్లాజు కింద పాత బాకీ మళ్లీ బతకాలంటే ‘ఇస్తాను’ అన్న మాట, కింద ఆయన సంతకం ఉండాలి. అంతకంటే సులువు, ఆ రోజు తేదీతో స్టాంపు అంటించి కొత్త నోటు రాయించుకోవడం. పాత నోటు మాత్రం ఆయన చేతికివ్వకండి. ‘దీని బదులు తేది ఫలానా నాడు కొత్త నోటు రాసిచ్చినాను’ అని పాతదాని వెనక రాయించి సంతకం తీసుకుని, రెండూ మీ దగ్గరే పెట్టుకోండి.