తొంభై తొమ్మిది దగ్గర ఆగిపోయిన మనవరాలికి

అమ్మలూ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. 1 నుంచి 9 వరకు అంకెలు వరసగా రాసి, మధ్యలో గుర్తులు పెట్టి 100 తెప్పించాలి, అంతే కదా. నువ్వు 1+2+3+4+5+67+8+9 అని పెట్టి 99 దాకా వచ్చావు. ఆ ఒక్కటి పెంచడానికి రెండు గంటలు కూర్చున్నానని చెప్పావు. ఒట్టి ప్లస్‌లతో అయితే రెండేళ్ళు కూర్చున్నా రాదు తల్లీ. నీ తెలివికి లోటేమీ లేదు, ఆ దారిలోనే వంద లేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఇదే లెక్కను 'ప్లస్‌లు మాత్రమే వాడండి' అని పిల్లలకు ఇంటికిచ్చి పంపాను. కుదురుతుందో లేదో నేను చూసుకోలేదు. మర్నాడు ఒక పిల్లవాడు నోట్‌బుక్ నిండా కొట్టివేతలతో, ఏడ్చిన కళ్ళతో వచ్చాడు. ఆ రోజు నుంచి ఏ పజిల్ ముట్టుకున్నా, ముందు ఏది కుదరదో చూసుకుంటాను. నువ్వూ పెన్ను పట్టే ముందు ఆ పని చెయ్యి.

ఎలాగో చూడు. తొమ్మిది అంకెలనూ విడివిడిగా కూడితే 45. ఇప్పుడు 6ను, 7ను కలిపి 67 చెయ్యి. ఏడు ఏడుగానే ఉంది, ఆరు మాత్రం అరవై అయింది. అంటే 54 పెరిగింది, ఆరు తొమ్మిదులు. 1, 2 కలిపితే ఒక తొమ్మిది పెరుగుతుంది. 7, 8 కలిపితే ఏడు తొమ్మిదులు. మూడు అంకెలు కలిపినా పెరిగేది తొమ్మిదుల్లోనే. 45 కూడా అయిదు తొమ్మిదులే కాబట్టి 99 తర్వాత మెట్టు 108. మధ్యలో ఉన్న 100 మీద కాలు పెట్టలేవు. మనవాళ్ళు బండి నంబరు తీసుకునేటప్పుడు అంకెలు కూడి తొమ్మిది వస్తుందా అని చూస్తారు కదా, ఆ కూడిక వెనక ఉన్నదీ ఈ తొమ్మిదే.

కాబట్టి మైనస్ కావాలి. 108 దాకా ఎక్కి 8 దిగుదాం. ఇక్కడే చాలామంది పొరబడతారు. +4ను −4 చేస్తే తగ్గేది నాలుగు కాదు, ఎనిమిది. కలిసే నాలుగు పోయింది, పైగా ఇంకో నాలుగు తీశాం. అంటే 4 ముందు ఒక్క మైనస్ చాలు!

ఇక 45 నుంచి 108కి ఎక్కాలి. 63 కావాలి, అంటే ఏడు తొమ్మిదులు. 4ను ముట్టుకోకుండా ఏడు ఎలా వస్తుంది? 7 ఒక్కటే, లేదా 1, 6, లేదా 2, 5. వాటిలో ఒక్కో అంకెనూ దాని తర్వాతి అంకెతో కలుపు:

1+2+3−4+5+6+78+9
12+3−4+5+67+8+9
1+23−4+56+7+8+9

మూడూ వందే, కూడి చూసుకో. ఒక్క ఆలోచనకు మూడు జవాబులు దొరికాయి. మొదటిసారి ఇది నా పలక మీద తేలినప్పుడు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది. నీకూ అది దక్కాలనే ఇంత వివరంగా రాస్తున్నాను.

అన్నిటికన్నా తక్కువ గుర్తులతో అయ్యేది 123−45−67+89. మూడే గుర్తులు. ఇంగ్లండులో పజిళ్ళు రాసిన హెన్రీ డ్యూడెనీ 1917లోనే ఈ జవాబును అచ్చు వేశాడు. అన్నీ ప్లస్‌లైతే 324, దిగాల్సింది 224, అందులో సగం 112. అది 45, 67 కలిపితే వస్తుంది.

గుణకారం వాడనిస్తే 1+2+3+4+5+6+7+8×9 కూడా వందే, కానీ తొమ్మిదుల మెట్లు అక్కడ ఇలా నేరుగా పనిచేయవు. ఇంకో జాగ్రత్త. కొట్లో వాడే మామూలు కాలిక్యులేటర్‌లో ఇది వరసగా నొక్కితే 324 చూపిస్తుంది. అది 36ను 9తో గుణిస్తుంది. బోడ్‌మాస్ ప్రకారం 8×9 ముందు చెయ్యాలి.

నీ రైల్వే పరీక్షలో ఇంత సమయం ఉండదు. అక్కడ గుర్తులు ఆప్షన్లలోనే ఇస్తారు. ముందు భాగహారం ఎక్కడ నిశ్శేషంగా పోతుందో చూడు. 36, 9, 5, 7 మధ్య గుర్తులు పెట్టి 13 తెప్పించమన్నారనుకో. పక్కపక్కన ఉన్నవాటిలో శేషం లేకుండా పోయేది 36÷9 ఒక్కటే. 36÷9×5−7. ముందు ఈ ఆప్షన్ చూడు, మిగతావాటితో టెన్షన్ పడకు.

తమ్ముడికి మాత్రం నాలుగు నాలుగులు ఇవ్వు. నాలుగు 4లతో 1 నుంచి 10 దాకా తెప్పించాలి. 44÷44 ఒకటి, (44−4)÷4 పది. మధ్యవి వాడినే చేసుకోనివ్వు, పక్కన కూర్చుని జవాబు అందించకు.

నీకు ఇంకొకటి. అంకెలు వెనక్కి రాయి: 9 8 7 6 5 4 3 2 1. మళ్ళీ వందే కావాలి. మైనస్ 4కే పెట్టి మొదలుపెట్టు. అది అయ్యాక 4ను వదిలేసి, 3కీ 1కీ మైనస్ పెట్టి చూడు. చేసిన కాగితం ఫోటో తీసి పంపు, కొట్టివేతలు చెరపకుండా. నాకు అవే ముందు చూడాలని ఉంది.

మీ తాతయ్య