చైనాలో చిన్న నగరానికి పాఠాలు చెప్పడానికి వెళ్తున్నారా? ముందు భాష సంగతి చూడండి

"చైనాలో ఒక చిన్న నగరంలోని విశ్వవిద్యాలయంలో, ఎంబీబీఎస్ చదివే విదేశీ విద్యార్థులకు ఆంగ్లంలో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది. చైనా భాష రాదు, కానీ ఫోనులో అనువాదం ఉంది కదా. మాంసం తినను. వెళ్లవచ్చా? ఎంత మిగులుతుంది?" అని అడిగారు.

వెళ్లండి. నేను 2015 సెప్టెంబరు నుంచి 2019 జూలై వరకు హుబే రాష్ట్రంలోని యీచాంగ్‌లో ఫిజియాలజీ చెప్పాను. నేనూ శాకాహారినే. వెళ్లేనాటికి నాకూ "నీ హావ్" తప్ప ఒక్క ముక్క రాదు. అందుకే మీరు ఒక్క వాక్యంలో పక్కన పెట్టేసిన భాష సంగతి దగ్గరే నేను ఆగిపోతున్నాను. మిగతావన్నీ దాని తర్వాతే.

యీచాంగ్ చిన్న నగరమన్నది చైనా లెక్కలో. యాంగ్‌ట్సీ నది ఇరుకు లోయలను దాటి విశాలంగా పారడం మొదలుపెట్టే చోట ఉంటుంది. ఊళ్లోనే గెజౌబా ఆనకట్ట ఉంది. అక్కడి నుంచి సుమారు నలభై కిలోమీటర్లు ఎగువకు వెళ్తే 22,500 మెగావాట్ల త్రీ గోర్జెస్ ఆనకట్ట. షాంఘైలో అయితే ఆంగ్లంతో కొన్నేళ్లు నెట్టుకురావచ్చు. ఇక్కడ కూరగాయల అంగడిలో, బస్సులో, మందుల దుకాణంలో ఆ వీలు లేదు. పైగా మనుషులు మాట్లాడేది పుస్తకాల్లోని చైనా భాష కాదు, సిచువాన్ వైపు మాటకు దగ్గరగా ఉండే యాస. అందులో 'ష' కాస్తా 'స' అవుతుంది. పుస్తకాల భాషలో గురువును 'లావోషి' అంటారు, అక్కడి పెద్దవాళ్ల నోట నేను ఎప్పుడూ 'లావోసి'నే.

మా వెనుక గేటు దగ్గర అరవై దాటిన ఒకావిడ చిన్న తినుబండారాల దుకాణం నడిపేది. విద్యార్థులు ఆమెను 'ఆయీ' అని పిలిచేవారు, మన పిన్ని అన్నమాట. ఎండలు ముదిరితే ఆ దుకాణం ముందు పిల్లలు బారులు తీరేవారు. గిన్నెల్లో ఎర్రటి పానకం, అందులో తెల్లగా చిన్నగా ఏవో తేలుతూ ఉండేవి. దాని పేరు 'లియాంగ్‌ష్యా'. అప్పటికి నాకు వచ్చిన మాటలు ముప్ఫయో నలభయో, వాటిలో సగం తినకూడని వాటి పేర్లు. 'రౌ' అంటే మాంసం, 'యూ' అంటే చేప, 'ష్యా' అంటే రొయ్య. 'లియాంగ్' అంటే చల్లన అని కూడా తెలుసు. చల్లటి రొయ్యలు! రెండు వేసవులు ఆమె పిలిచినప్పుడల్లా, నాకు తప్పుల్లేకుండా వచ్చిన ఒకే ఒక్క వాక్యం, "నేను శాకాహారిని" అని చెప్పి వెళ్లిపోయాను. ఆమె ఏదో వివరించబోయేది. నేను నిలబడి వినేదాన్ని కాదు.

మూడో వేసవిలో ఒక మధ్యాహ్నం ఆమె నా మణికట్టు పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. పొయ్యి మీద బియ్యప్పిండి జావ చిక్కగా ఉడుకుతోంది. పక్కన పెద్ద గిన్నెలో చన్నీళ్లు. మనం బూందీ వేసే గరిటె లాంటి చిల్లుల గరిటెలో ఆ జావ పోసి నొక్కింది. చుక్కలు నీళ్లలో పడి గట్టిపడుతున్నాయి. ప్రతి చుక్కకూ ముందు లావుపాటి తల, వెనక సన్నని తోక. అచ్చం రొయ్య ఆకారం. ఆమె ఒక్కొక్కటీ వేలితో చూపించి పేరు చెప్పింది: 'మీ', బియ్యం. 'ష్వే', నీళ్లు. 'తాంగ్', చక్కెర. మళ్లీ మొదటి నుంచి చెప్పి, నా చేత పలికించింది. ఆ తర్వాతే గిన్నె చేతికిచ్చింది. అది శుద్ధి చేయని ఎర్ర చక్కెర, వాసన మన బెల్లమే. నోట్లో పెట్టుకోగానే కర్నూలులో శ్రీరామనవమి పందిట్లో ఇచ్చే పానకం గుర్తొచ్చింది.

ఆ రోజు నుంచి సాయంత్రాలు ఆ దుకాణంలో కూర్చుని నేర్చుకున్నాను. ఫోనులో పాఠాలు కూడా విన్నాను కానీ, నాకు భాష వచ్చింది ఆయీ దగ్గరే. ఆరేడు నెలలకు ఆమె తన కథ చెప్పింది, నాకు చాలావరకు అర్థమైంది. ఆమెది పాత జీగుయ్ పట్టణం. పడవ పందేల పండుగ నాడు అక్కడివారు తలచుకునే ప్రాచీన కవి చూ యువాన్‌ది కూడా ఆ ప్రాంతమే. 2003 జూన్‌లో త్రీ గోర్జెస్ జలాశయం నింపడం మొదలుపెట్టారు. ఆమె పుట్టి పెరిగిన వీధి నీళ్ల కిందికి వెళ్లింది. "మా అమ్మమ్మ వాళ్ల ఊరు కూడా నీళ్ల కిందే ఉంది" అన్నాను, వచ్చీరాని మాటల్లో. అది శ్రీశైలం ముంపు గ్రామం, 1981లో ఖాళీ చేయించారు. ఆయీ గరిటె పక్కన పెట్టి అడిగిన మొదటి ప్రశ్న ఇది: "చెట్లకు డబ్బు ఇచ్చారా?" ఆమెకు పదకొండు నారింజ చెట్లు ఉండేవట.

నాకు తెలియదు. ఇంట్లో ముంపు గురించి ఎన్నిసార్లు విన్నా, చెట్ల సంగతి అడగాలని నాకు ఎన్నడూ తోచలేదు. ఆ రాత్రి అమ్మకు ఫోను చేశాను. రెండు చింతచెట్లకు ఇచ్చారట, దొడ్లోని వేపచెట్టును లెక్కలోకి తీసుకోలేదట. మర్నాడు ఆయీకి ఈ మాట చెప్పడానికి చింతను ఏమంటారో వెతికి పట్టుకుని వెళ్లాను. పేరు చెప్పినా ఆమెకు తెలియలేదు. దాంతో ఇంటి నుంచి తెచ్చుకున్న చింతపండు ఉండ తీసుకెళ్లి చూపించాను. చిటికెడు నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, "ఈ చెట్టుకైతే ఇవ్వాల్సిందే" అంది.

ఫోనులో అనువాదం ఉంది కదా అన్నారు. బస్సు ఎక్కడ ఆగుతుందో తెలుసుకోవడానికి అది చాలు. మధ్యలో ఫోను పెట్టుకుని ఎవరూ తమ మునిగిపోయిన ఊరి గురించి మాట్లాడరు.

మన పిల్లల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. నా తరగతుల్లో ఖమ్మం, కర్నూలు, విజయనగరం వైపు పిల్లలు ఉండేవారు. తెలివైనవాళ్లు, ఇంటి అప్పు గుర్తుపెట్టుకుని కష్టపడేవాళ్లు. ఆంగ్ల మాధ్యమమే కాబట్టి చైనా భాష అక్కర్లేదని మన ఊళ్లలోని ఏజెంట్లు నూరిపోసి పంపుతారు. తల్లిదండ్రుల ధ్యాసంతా తిరిగొచ్చాక మన దేశంలో వైద్యం చేయాలంటే రాయాల్సిన స్క్రీనింగ్ పరీక్ష మీదే. నాలుగో ఏడు ఆసుపత్రిలో అడుగుపెట్టాక తెలుస్తుంది అసలు సంగతి. మంచం మీద ముసలాయన తన కడుపునొప్పి గురించి ఐదు నిమిషాలు యాసలో చెబుతాడు, వైద్యుడు దాన్ని ఒక్క ఆంగ్ల వాక్యానికి కుదించి చెబుతాడు. ఆ మిగిలిన నాలుగున్నర నిమిషాల్లోనే రోగ నిర్ణయం ఉంటుంది. రోగి మాట వినడం రాకుండా వైద్యం ఎలా వస్తుంది? ఆయీ దుకాణంలో నా పక్కన కూర్చుని నేర్చుకున్న ఇద్దరు అమ్మాయిలు వార్డులో రోగుల్ని నేరుగా ప్రశ్నలడిగేవారు. నన్ను మూడో వేసవిలోనైనా ఆయీ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది కానీ, మొదటి ఆరు నెలల్లో మొదలుపెట్టనివాళ్లలో చాలామంది ఇక ఎప్పటికీ నేర్చుకోరు, ఇది నేను కళ్లారా చూసిన మాట. అధ్యాపకులైనా అంతే.

చలి గురించి కూడా మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తారు. "దక్షిణం వైపే కదా, చలి ఉండదు" అంటారు. ఉత్తర చైనాలో ప్రభుత్వమే గొట్టాల ద్వారా ఇళ్లకూ బడులకూ వేడి అందిస్తుంది. క్విన్‌లింగ్ కొండలకూ హువాయ్ నదికీ దక్షిణాన ఆ ఏర్పాటు లేదు, యీచాంగ్ ఉన్నది అక్కడే. జనవరిలో ఓవర్‌కోటు వేసుకునే పాఠం చెప్పాను, పిల్లలు వేడినీళ్ల ఫ్లాస్కులు ఒళ్లో పెట్టుకుని విన్నారు. నా దృష్టిలో ఇది అన్యాయం. గడ్డకట్టిన వేళ్లతో ఎవరూ నోట్సు రాయలేరు. ఇంకొకటి, అక్టోబరు మొదటి వారంలో జాతీయ దినోత్సవం సెలవులు ఇచ్చి, వాటిలో కొన్నింటికి బదులు ముందో వెనకో శని, ఆదివారాల్లో పని చేయిస్తారు. సెలవు ఇచ్చి వెనక్కి తీసుకోవడాన్ని నాలుగేళ్లలోనూ నేను ఒప్పుకోలేకపోయాను.

తిండికి భయపడకండి. టోఫు, ఆకుకూరలు, వంకాయలు కావలసినన్ని దొరుకుతాయి. "మాంసం వద్దు" అంటే మాత్రం సన్నగా తరిగిన పంది మాంసాన్ని వాళ్లు మాంసం కింద లెక్కవేయకపోవచ్చు. కాబట్టి "వో ఛ్ సూ", నేను శాకాహారం తింటాను, అని చెప్పడం నేర్చుకోండి. కందిపప్పు, చింతపండు, ఇంగువ ఇంటి నుంచి తీసుకెళ్లండి. మిరపకాయలు మోయనక్కర్లేదు.

ఇక డబ్బు. నాకు ఇల్లు విశ్వవిద్యాలయమే ఇచ్చింది, జీతంలో సగానికి పైగా మిగిలేది. ఇల్లు, ఏడాదికోసారి విమాన టికెట్టు, వైద్య బీమా, ఈ మూడూ ఒప్పందంలో రాయించుకోండి. ఒప్పందం రెండు భాషల్లో ఇస్తారు. రెండింటికీ తేడా వస్తే ఏ ప్రతి చెల్లుతుందో చివరి పేజీల్లో ఉంటుంది, నా ఒప్పందంలో అది చైనా ప్రతి. సంతకం పెట్టే ముందు ఆ ప్రతిని చదవగలిగినవాళ్ల చేత చదివించుకోండి. రెండో ఏడాది పొడిగింపు నాటికి మీరే చదువుకునేలా ఇవాళే మొదలుపెట్టండి.