పిలిస్తే పలకడు, కుక్కర్ కూస్తే తిరుగుతాడు

ప్రశ్న: మా బాబుకి రెండేళ్ళ నాలుగు నెలలు. అమ్మ, తాత, పాలు... ఇలా అయిదారు మాటలే. పేరు పెట్టి పిలిస్తే పలకడు, కుక్కర్ విజిల్‌కి మాత్రం గభాల్న తిరుగుతాడు. ఏం కావాలన్నా నా చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళతాడు. మగపిల్లలకి మాట ఆలస్యమేనని, వాళ్ళ నాన్నకీ మూడేళ్ళకే వచ్చిందని మా అత్తగారంటారు. పరీక్ష చేయిస్తే ఆటిజం అని ముద్ర వేసేస్తారని మావారి భయం. మూడేళ్ళు నిండేదాకా ఆగవచ్చా?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: ఆగకండి. రెండేళ్ళకి 'తాత రా', 'పాలు కావాలి' లాంటి జంట మాటలు రావాలి. అవి రాకపోయినా వేలు చూపించి, తలాడించి, కళ్ళతో అడిగి పని జరిపించుకునే పిల్లల సంగతి వేరు. మీ ఉత్తరంలో మాటల లెక్క కన్నా చెయ్యి పట్టి లాక్కెళ్ళడమే ఎక్కువ ఆలోచించాల్సిన విషయం. ఆర్కే బీచ్‌లో ఓడ కనబడితే వేలెత్తి చూపించి, మీరూ చూశారా అని మీ మొహం వైపు తిరుగుతాడా? గమనించండి. ఇక, వచ్చిన మాటలు పోతే మాత్రం ఏ వయసులోనైనా వెంటనే వెళ్ళాల్సిందే.

ముందు చెవులు. కుక్కర్‌కి తిరిగాడని వినికిడి బాగుందనుకోవద్దు. పెద్ద చప్పుళ్ళు వినబడి, మాటల్లోని స, ష లాంటి సన్నని ధ్వనులు అందని పిల్లలున్నారు. విశాఖ కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రి ఈఎన్‌టీ ఓపీలో చూపించి బెరా పరీక్ష (చప్పుడు చెవి నుంచి మెదడుకి చేరుతోందా అని చూసేది) గురించి అడగండి. ఈ వయసువాళ్ళకి అది నిద్రలో చేస్తారు. ఆ రోజు పెందలాడే లేపండి. గాజువాక నుంచి వస్తూ ఆటోలో ఓ కునుకు తీశాడంటే అక్కడ ఇక పడుకోడు, మళ్ళీ ఇంకో రోజు తిరగాలి.

తర్వాత పిల్లల డాక్టర్ని ఎం-చాట్ చేయమనండి. ఆటిజం అనుమానం ఉందేమో పట్టుకోడానికి తల్లిదండ్రుల్ని అడిగే 20 ప్రశ్నలవి. 16 నుంచి 30 నెలల వయసుకే పనికొస్తాయి, అంటే మీకింకా రెండు నెలలే ఉంది. స్కోరు 3 నుంచి 7 వస్తే వివరంగా మళ్ళీ అడుగుతారు, 8 గానీ అంతకు మించి గానీ వస్తే నేరుగా పూర్తి అసెస్‌మెంట్‌కి పంపాలి. ఇది జల్లెడ మాత్రమే, తీర్పు కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు: 'మొన్నోసారి చేశాడు కదా' అని అవును పెట్టేస్తారు. ఎప్పుడో ఒకటి రెండుసార్లు చేసింది 'కాదు' కిందే లెక్క.

వెళ్ళేటప్పుడు పుట్టినప్పటి డిశ్చార్జ్ కాగితాలు పట్టుకెళ్ళండి. ఎన్ని వారాలకి పుట్టాడు, బరువెంత, వెంటనే ఏడ్చాడా, కామెర్లు, ఫిట్స్ వచ్చాయా అని అడుగుతారు. రెండేసి నిమిషాల వీడియోలు మూడు తీయండి: వెనకనుంచి పేరు పిలిచినప్పుడు, ఒక్కడే ఆడుకుంటున్నప్పుడు, తోటిపిల్లల మధ్య. బతిమాలి చేయించినవి వద్దు. కొత్తచోట బెదిరి ముడుచుకున్న పిల్లాణ్ణి పది నిమిషాలు చూసి 'ఏం లేద'న్నా, 'ఆటిజమే' అన్నా ఒప్పేసుకోకండి. అసెస్‌మెంట్ సవ్యంగా చేస్తే గంట పైమాటే. ఆటిజాన్ని ఫలానా రక్తపరీక్షో స్కానో తేల్చదు, ఫిట్స్ అనుమానం లాంటివి ఉంటేనే ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష).

ఖర్చు గురించి: ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) అనే ప్రభుత్వ పథకం కింద అంగన్‌వాడీ పిల్లల్ని ఉచితంగా పరీక్షించి, అవసరమైతే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు. అంగన్‌వాడీ టీచర్ని అడగండి.

ముద్ర వేసేస్తారని మీవారి భయం అన్నారు. అసెస్‌మెంట్ రిపోర్టు మీ చేతికే వస్తుంది. వికలాంగ ధ్రువపత్రం వేరే వ్యవహారం, మీరు దరఖాస్తు పెడితే తప్ప రాదు. స్పీచ్ థెరపీకి రోగం పేరు తేలేదాకా ఆగక్కర్లేదు, రేపే మొదలుపెట్టవచ్చు. అన్నం తినేటప్పుడు ఫోన్ ఈరోజే ఆపేయండి. ఆటిజం ఫోన్ వల్ల వచ్చేది కాదు గానీ, ముద్దకో మాట చెప్పే ఆ అరగంటని మాత్రం అది మింగేస్తుంది.

ప్రశ్న: పాపకి ఆరేళ్ళు. బి, డి తారుమారుగా రాస్తోంది. లెర్నింగ్ డిజేబిలిటీ (చదవడం, రాయడం, లెక్కల్లో ఇబ్బంది) పరీక్ష చేయించమని స్కూల్లో అన్నారు.
– మధురవాడ

జవాబు: ఈ వయసులో అక్షరాలు తిరగబడటం మామూలే. ఎనిమిదేళ్ళు నిండకముందు ఆ పేరు ఖాయం చేయడం కష్టం. ఇప్పటికి కంటిచూపు, వినికిడి చూపించండి. తెలుగులోనూ మ–య, ప–వ తికమక పడుతోందా, కథ చెబితే తిరిగి చెప్పగలుగుతోందా అన్నది ఓ పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. ఆర్నెల్ల తర్వాత అప్పటి నోటు పుస్తకాలతో కలిపి సైకాలజిస్టుకి చూపించండి.